పాత లైబ్రరీలు చూడ్డానికే యూరప్ వెళ్తున్నాం. ఏవి చూడాలి, ఏవి వదిలేయొచ్చు?

రేపల్లె_ప్యాసింజర్

సెప్టెంబర్ చివర్లో అమ్మని తీసుకుని యూరప్ వెళ్తున్నా. తమ్ముడు మ్యూనిక్‌లో ఉంటాడు, అక్కడే దిగుతాం. అమ్మ జిల్లా గ్రంథాలయ సంస్థలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయింది. ఈఫిల్ టవర్ చూపిస్తానంటే "అది టీవీలో చూశాన్లే, నాకు పాత లైబ్రరీలు చూపించరా" అంది. సర్వీసంతా అద్దె ఇళ్ళలో, కారే పెంకుల కింద పుస్తకాలు కాపాడుకుంటూ గడిపిన మనిషి. ఈ కోరిక ఎలాగైనా తీర్చాలి.

నెట్‌లో "అతి అందమైన లైబ్రరీలు" అని కొడితే ఎక్కడ చూసినా అవే ఫొటోలు. ఫొటో నమ్ముకుని నేను ఇంతకుముందు ఒక చోటికి వెళ్ళాను (పేరు వద్దులెండి). టికెట్ కొన్నాక తెలిసింది, అడ్డంగా తాడు కట్టి ఉంటుందని. వెనకాల క్యూ, ఫోన్లు పైకెత్తిన చేతులు, ఒక నిమిషం తొంగిచూసి జరిగిపోవడం. ఒక్క పుస్తకం పేరు కూడా చదవలేకపోయా. అమ్మకి అలా కాకూడదు. తనకి పుస్తకాలు ఎలా సర్దారు, ఎలా కాపాడుతున్నారు అన్నది చూడాలని.

డబ్లిన్‌లో అరలన్నీ ఖాళీ చేశారని విన్నా, నిజమేనా? మోకాళ్ళ నొప్పులున్నాయి, మెట్లు తక్కువుండే చోట్లు చెప్పండి.

డబ్లిన్_డాబా

నిజమే. ట్రినిటీ కాలేజీ లాంగ్ రూమ్‌లో రెండు లక్షల పుస్తకాలుండేవి. 2022 నుంచి ఒక్కొక్కటీ దించి, దుమ్ము తీసి, కొలతలు రాసుకుని, ట్యాగ్ పెట్టి వేరే చోట భద్రపరిచారు. చూసేవాళ్ళ కోసం కొన్ని అరల్లో మాత్రం ఉంచారు. తర్వాత బిల్డింగే కొన్నేళ్ళు మూసేసి బాగుచేస్తారు, కాబట్టి ఎవరైనా బయల్దేరేముందు వాళ్ళ సైట్ చూసుకోండి. బుక్ ఆఫ్ కెల్స్ (అక్కడి ప్రసిద్ధ పాత బైబిల్ రాతప్రతి) అయితే చూపిస్తూనే ఉన్నారు.

లెక్కలమాస్టారు

ఖాళీ అరలు చూడ్డానికి మనిషికి అన్ని యూరోలా? డబ్లిన్ కొట్టేయండి లిస్టులోంచి.

పాతకాగితం

మాస్టారూ, నేను ఒప్పుకోను. పాత కాగితాలు, తాళపత్రాలు బాగుచెయ్యడమే నా పని, అందుకని కాస్త పెద్దగానే రాస్తున్నా.

ఆ హాలు 1712లో మొదలెట్టి 1732కి పూర్తిచేశారు. 65 మీటర్ల పొడవు. ఇప్పుడు ఫొటోల్లో అందరూ మురిసిపోయే ఆ వంపు కప్పు అసలు మొదట్లో లేనేలేదు. చదును కప్పే ఉండేది. 1801లో బ్రిటన్, ఐర్లండ్‌లలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక కాపీ తెచ్చుకునే హక్కు వచ్చింది ఆ లైబ్రరీకి. వచ్చి పడుతున్న పుస్తకాలకి చోటు చాలక 1860లో కప్పు లేపి పై వరస అరలు కట్టారు. అందం కోసం కట్టింది కాదు, చోటు కోసం కట్టింది.

హాలంతా ఓక్ చెక్క. 2019లో పారిస్ నోత్రదామ్ చర్చి కాలిపోవడం చూశాక ట్రినిటీ వాళ్ళకి తమ హాలు గురించి భయం బలంగా పట్టుకుంది. నిప్పు ఒక్కటే కాదు, ఊళ్ళో వాహనాల పొగ, దుమ్ము, తేమ, అన్నీ కలిసి తోలు అట్టల్ని తినేస్తున్నాయి. అందుకని రెండు లక్షల పుస్తకాల్ని చేతులతో దించారు. ఇంత పెద్ద పాత హాలుని ఇలా ఖాళీగా చూసే అవకాశం మళ్ళీ రాదు. ఖాళీ అర కూడా లైబ్రేరియన్‌కి చాలా చెప్తుంది. పెద్ద సైజు పుస్తకాలు కింద, పైకి వెళ్ళేకొద్దీ చిన్నవి. సబ్జెక్టు ప్రకారం కాదు, సైజు ప్రకారం సర్దారు. అరల ఎత్తులు చూస్తేనే ఆ లెక్క కనిపిస్తుంది.

లెక్కలమాస్టారు

సైజు ప్రకారమా? మరి వెతుక్కునేదెలా?

పాతకాగితం

కేటలాగులో బీరువా అక్షరం, అర అక్షరం, వరసలో ఎన్నోది అని ఉంటుంది. పుస్తకం తన చోటు ఎప్పటికీ మారదు. సబ్జెక్టుని బట్టి నంబరిచ్చే డ్యూయీ పద్ధతి వచ్చింది 1876లో కదా, అంతకుముందు పెద్ద లైబ్రరీలన్నీ దాదాపు ఇలాగే.

రేపల్లె_ప్యాసింజర్

ఇది అమ్మకి చదివి వినిపించా. "చోటు కలిసొస్తుందిరా, కానీ చదివేవాడు బీరువా దగ్గర నిలబడి పక్క పుస్తకం చూసుకునే భాగ్యం పోతుంది" అంది. ఇంకా రాయమంటోంది.

వియన్నా_వాణి

మ్యూనిక్ నుంచి వియన్నా నాలుగు గంటల రైలు. హాఫ్‌బుర్గ్ ప్యాలెస్‌లో జాతీయ లైబ్రరీ వాళ్ళ ప్రున్‌క్‌జాల్ ఉంది. ఆరో చార్లెస్ చక్రవర్తి కట్టించింది, 1720ల్లో. దాదాపు 80 మీటర్ల హాలు, మధ్యలో గుమ్మటం, రెండు లక్షల పుస్తకాలు. అందులో సవోయ్ యువరాజు యూజీన్ సొంత పుస్తకాలే 15 వేలు. తాడు గొడవ లేదు, లోపల హాలంతా నడవొచ్చు, అరల దగ్గరికి వెళ్ళి అట్టల మీది అక్షరాలు చదవొచ్చు (పట్టుకోనివ్వరనుకోండి). మనిషి నడుము దాటి ఎత్తుండే, భూమినీ ఆకాశాన్నీ చూపించే వెనీస్ గోళాలు నాలుగున్నాయి, అవి తప్పకుండా చూడాలి. నేను పని దొరకని రోజుల్లో అక్కడికెళ్ళి గంటలు గంటలు నిలబడేదాన్ని. ఆ ఊళ్ళో నన్ను నిలబెట్టింది ఆ హాలే.

కానీ ఒక్కటే చూసే టైముంటే నా ఓటు ఆడ్‌మాంట్‌కి.

మబ్బులమీద

ఆడ్‌మాంట్!!! ఎవరైనా అంటారేమోనని చూస్తున్నా. వాణి గారూ రాయండి రాయండి.

వియన్నా_వాణి

ఆస్ట్రియా మధ్యలో కొండల నడుమ బెనెడిక్టైన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠం. లీజెన్ దాకా రైలు, అక్కడ్నుంచి బస్సు. లైబ్రరీ 1776లో పూర్తయింది. ఏడు గుమ్మటాల కింద 70 మీటర్ల హాలు. పైన బొమ్మలన్నీ బార్తొలొమెయో ఆల్టొమాంటే అనే చిత్రకారుడు వేశాడు, అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి.

వెళ్ళగానే తగిలేది వెలుగు. మిగతా పాత లైబ్రరీలు చీకటిగా, గోధుమరంగు చెక్కతో ఉంటాయి. ఇది తెలుపూ బంగారం. పుస్తకాల అట్టలు కూడా తెల్లవే. 48 కిటికీలు. దీపం పెట్టకూడని చోటు కాబట్టి పగటి వెలుగే ఆధారం, ఆ వెలుగు గది చివరిదాకా పారాలని గోడలు, అట్టలు అన్నీ లేతరంగు. నేలమీద తెలుపు, ఎరుపు, బూడిదరంగు పలకలు ఎలా పరిచారంటే, నిలబడి చూస్తుంటే ఘనాలు పైకి లేచినట్టు కనిపిస్తాయి. పై వరసకి మెట్లు ఎక్కడా కనపడవు. గైడు ఒక చోట అర పట్టుకుని లాగితే అది తలుపు! దాని మీద ఉన్నవి ఉత్త అట్టలు, లోపల మలుపు మెట్లు.

మధ్యలో యోజెఫ్ స్టామెల్ చెక్కిన నాలుగు పెద్ద శిల్పాలున్నాయి. మరణం, తీర్పు, స్వర్గం, నరకం. ఆ తెల్లటి హాల్లో ముదురు రంగులో అవి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది.

పాతకాగితం

ఒకటి కలుపుతా. 1865లో ఆ మఠంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. చాలా భాగం కాలిపోయింది, లైబ్రరీ మిగిలింది. 2004 నుంచి 2008 దాకా హాలునీ, అందులోని 70 వేల పుస్తకాల్నీ శుభ్రం చేసి బాగుచేశారు. మీ అమ్మగారికి నచ్చేది ఇదే.

అఫ్జల్‌గంజ్_అన్న

అందరు మంచిగ చెప్తున్నరు గానీ నాకొక మాట చెప్పాలనుంది. వీటిల్ల ఎవరన్న కూసోని చదువుకుంటున్నరా? ముట్టుకోవద్దు, కూసోవద్దు, ఫొటో దిగు, పో. అది లైబ్రరీ ఎట్లయితది? మ్యూజియం అంటరు దాన్ని.

నేను మా అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీల చదువుకోని నౌకరి తెచ్చుకున్నోణ్ణి. 1891ల ఆసఫియా లైబ్రరీగ మొదలైంది, మూసీ ఒడ్డున ఇప్పుడున్న బిల్డింగుకి 1936ల వచ్చింది. అంత ఎత్తు కప్పు, అంత పెద్ద కిటికీలు, కింద టేబుళ్ళ మీద గ్రూప్స్‌కి చదివే పోరగాళ్ళు. పొద్దుగాల తలుపు తీయకముందే లైన్ల నిలబడుతుంటిమి. ఆ బిల్డింగ్ అందం నాకు తెల్సింది అందుల కూసున్నందుకే. అమ్మను తీస్కపోయేటోళ్ళు కూసునే చోటికి తీస్కపోండ్రి.

డబ్లిన్_డాబా

అన్నా, టికెట్ డబ్బుల్లేకపోతే ఆ మఠాలు పుస్తకాలు బాగుచేయించుకునేదెలా? చూసేవాళ్ళ డబ్బే చదివేవాళ్ళకి పుస్తకం మిగులుస్తోంది. అసలు పుస్తకం కావాల్సిన పరిశోధకుడికి వేరే గదిలో ఇస్తారు కూడా.

అఫ్జల్‌గంజ్_అన్న

పరిశోధకునికి ఇస్తరు, సరే. మామూలు మనిషికి?

కంకిపాడు_కన్య

మామూలు మనిషి కూర్చునేవి కూడా ఉన్నాయి అన్నా. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ, 42వ వీధి బిల్డింగ్, 1911లో తెరిచారు. బయట రెండు పాలరాతి సింహాలు. మూడో అంతస్తులో రోజ్ రీడింగ్ రూమ్, దాదాపు 90 మీటర్ల పొడవు, పైన మేఘాల బొమ్మలు. లోపలికి పోవడానికి పైసా అక్కర్లేదు. టూరిస్టులు ఒక పక్క నుంచి చూసి పోతారు, చదువుకునేవాళ్ళకి టేబుళ్ళు. నేను ఉద్యోగం లేని చలికాలం అంతా అక్కడ కూర్చునే అప్లికేషన్లు పెట్టా. 2014లో కప్పు నుంచి ఒక పూలగుత్తి బొమ్మ ఊడిపడితే, మొత్తం కప్పు పరీక్ష చేయించి 2016లో మళ్ళీ తెరిచారు. ఎవరికీ ఏం కాలేదు, రాత్రిపూట పడింది.

లెక్కలమాస్టారు

ఆమె మ్యూనిక్ వెళ్తుంటే మీరు న్యూయార్క్ చూపిస్తున్నారు.

కంకిపాడు_కన్య

తర్వాత ట్రిప్‌కి పనికొస్తుంది మాస్టారూ 😄

గాలెన్_గోవిందు

మ్యూనిక్ నుంచి జూరిక్ వెళ్ళే రైలు సెయింట్ గాలెన్‌లో ఆగుతుంది, మారే పని లేదు, మూడు గంటల లోపే. స్టేషన్ నుంచి మఠం నడిచే దూరం. ఈ థ్రెడ్‌లో అమ్మగారికి సరిగ్గా సరిపోయేది ఇదే అని నా నమ్మకం.

తలుపు మీద గ్రీకులో "ఆత్మకి వైద్యశాల" అని అర్థం వచ్చే మాట చెక్కి ఉంటుంది. గుమ్మం దగ్గర పెద్ద పెద్ద ఉన్ని చెప్పులు పెట్టి ఉంటాయి, మన బూట్ల మీదే తొడుక్కోవాలి. చెక్కనేల గీతలు పడకుండా. అందరూ అడుగు ఎత్తకుండా జారుకుంటూ నడుస్తుంటే ఆ హాల్లో ఒకటే సవ్వడి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు మాత్రం మెల్లగా, చెయ్యి పట్టుకుని నడవాలి, నున్నటి నేల.

హాలు 1758-67 మధ్య కట్టారు. కానీ పుస్తకాలు అంతకంటే వెయ్యేళ్ళ ముందువి కూడా ఉన్నాయి. రాతప్రతులే రెండు వేల పైచిలుకు. తొమ్మిదో శతాబ్దంలో మఠం ఎలా కట్టాలో తోలు మీద గీసిన నక్షా ఉంది, ఆ కాలం నుంచి మిగిలిన అలాంటి నక్షా ఇంకోటి లేదు. 1983లో మఠాన్ని యునెస్కో జాబితాలో చేర్చారు.

లైబ్రేరియన్‌కి చెప్పాల్సిన అసలు విషయం: ఆ లైబ్రరీ కేటలాగు తొమ్మిదో శతాబ్దంది ఇప్పటికీ ఉంది. వెయ్యి సంవత్సరాల కిందటి పుస్తకాల పట్టీ! అందులో ఐర్లండ్ లిపిలో రాసిన పుస్తకాల్ని విడిగా ఒక పట్టీ వేశారు, బహుశా ఆ రాత అక్కడి వాళ్ళకి చదవడం కష్టమై ఉంటుంది.

రేపల్లె_ప్యాసింజర్

కేటలాగు మాట చదవగానే అమ్మ లేచి నా పక్కకొచ్చి కూర్చుంది. "యాక్సెషన్ రిజిస్టరు వెయ్యేళ్ళు మిగిలిందా! మా బ్రాంచిలో రిజిస్టరు ఒక వానాకాలం గడవడమే గగనం" అని. ఆవిడ చేతిరాతలో ఉన్న రిజిస్టర్లు ఆ బ్రాంచిలో ఇంకా ఉన్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కోమంటోంది ఇప్పుడు.

గోవిందు గారూ, ఇది ఖాయం.

గాలెన్_గోవిందు

ఆ రాతప్రతుల్లో చాలా వాటిని స్కాన్ చేసి నెట్‌లో ఉచితంగా పెట్టారు, ఈ-కోడిసెస్ అనే సైట్. వెళ్ళేముందు చూపించండి, అక్కడ అద్దం కింద చూసినప్పుడు ముఖపరిచయం ఉన్నట్టుంటుంది. అద్దాల పెట్టెల్లో పెట్టే ప్రతులు ప్రదర్శనని బట్టి మారుతుంటాయి.

మబ్బులమీద

అక్కడ మమ్మీ కూడా ఉంది కదా? షెపెనీసే అని. లైబ్రరీలో మమ్మీ ఏంటో నాకర్థం కాలేదు.

గాలెన్_గోవిందు

ఉంది. ఈజిప్టు పూజారి కూతురు, రెండువేల ఆరొందల ఏళ్ళ నాటిది. 1820లో అక్కడికి చేరింది. ఈజిప్టుకి తిరిగి పంపాలని కొన్నేళ్ళుగా చర్చ నడుస్తోంది.

సుభద్ర_కె

పంపాలనే నేనూ అంటా. పుస్తకం చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు ఒక ఆడమనిషి దేహాన్ని అద్దంలో పెట్టడం నాకు మింగుడుపడలేదు. నేను అటు తిరగకుండా వచ్చేశా.

మబ్బులమీద

సుభద్ర గారూ ఇది ఆలోచించాల్సిన మాటే.

పుస్తకాలపురుగు_రాజమండ్రి

పురుగుల గురించి ఎవరూ మాట్లాడట్లేదు, నా పేరుకి న్యాయం చేస్తా.

పోర్చుగల్ కొయింబ్రా యూనివర్సిటీలో జొవానినా లైబ్రరీ. అయిదో జొవావ్ రాజు కట్టించాడు, 1717 నుంచి 1728 దాకా. గోడలు రెండు మీటర్ల పైన మందం, లోపల ఎండాకాలం చలికాలం వేడి పెద్దగా మారదు. తలుపు టేకు. ఆ లైబ్రరీలో పుస్తకాలకి కాపలా ఎవరంటే గబ్బిలాలు! పగలు అరల వెనక నిద్రపోతాయి, చీకటి పడ్డాక బయటికొచ్చి పురుగుల్ని పట్టుకు తింటాయి. రాత్రి తలుపులు వేసేముందు సిబ్బంది ఆ పాతకాలపు బల్లల మీద తోలు దుప్పట్లు కప్పుతారు, పొద్దున్నే తీసి రెట్టలు తుడుస్తారు. తరతరాలుగా ఇదే డ్యూటీ. అదే దేశంలో మాఫ్రా ప్యాలెస్ లైబ్రరీలో కూడా గబ్బిలాలే.

కింద అంతస్తులో ఏముందో తెలుసా, విద్యార్థుల జైలు. తప్పు చేసిన కుర్రాళ్ళని అక్కడ పెట్టేవారు.

లెక్కలమాస్టారు

పుస్తకం ఆలస్యంగా తిరిగిచ్చినందుకా?

పుస్తకాలపురుగు_రాజమండ్రి

అందుకు పెట్టుంటే మా ఊళ్ళో సగంమంది లోపలే ఉండేవారు మాస్టారూ.

రేపల్లె_ప్యాసింజర్

అమ్మ గబ్బిలాల దగ్గర చాలాసేపు నవ్వింది. తర్వాత చెప్పిన మాట: వాళ్ళ బ్రాంచిలో ఆయుధాలు ఎండు వేపాకు, కలరా ఉండలు, ఏడాదికోసారి ఎండలో ఆరబెట్టడం. చెదలు గోడ వెనక నుంచి వచ్చి, పుస్తకం అట్ట అలాగే ఉంచి లోపలంతా తినేసేవట. చూడ్డానికి పుస్తకంలాగే ఉండేది, చేతిలోకి తీస్తే మట్టి రాలేది. రామబాణం పురుగైతే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే సన్నటి బెజ్జం. కొత్త సినిమా పత్రికలు పోయినా బాధపడలేదు కానీ, ఒకాయన చనిపోతూ లైబ్రరీకి రాసిచ్చిన పాత పత్రికల బైండు పోయినప్పుడు ఏడ్చానని ఇవాళే చెప్పింది. నాకు ఇన్నేళ్ళలో తెలీదు ఈ సంగతి.

పాతకాగితం

ఆవిడ చేసింది సరైన పనే, వేపాకు మన పెద్దలందరూ వాడిందే. తాళపత్రాలకి అయితే మేం నిమ్మగడ్డి నూనె రాస్తాం. పురుగు దూరం, ఆకు మెత్తబడుతుంది, విరగదు. గంటంతో గీసిన అక్షరాలు కనపడకపోతే మసి పూసి తుడిస్తే గీతల్లో నిలుస్తుంది.

ఎక్కడికెళ్ళినా నేను చూసేది ఇవే. లైబ్రరీకి శత్రువులు నిప్పు, నీరు, పురుగు, దొంగ. ఈ హాళ్ళలో మనం అందం అనుకునేవాటిలో సగం వాటి కోసం చేసిన ఏర్పాట్లే. పెద్ద కిటికీలు దీపం వద్దని. మందపు గోడలు తేమ ఆపాలని. గొలుసులు దొంగల కోసం. ఇంగ్లండులో హెరెఫర్డ్ కేథడ్రల్‌లో గొలుసులు కట్టిన పుస్తకాలు అలాగే ఉన్నాయి, మిగిలిన వాటిల్లో అదే పెద్దది. అక్కడ పుస్తకాల వీపు లోపలికి, పేజీల అంచు బయటికి పెట్టి ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు తిరగేసి పెట్టారనుకుంటారు. గొలుసు ముందు అట్ట అంచుకి బిగించి ఉంటుంది కాబట్టి అలా పెడితేనే తీసి కింద బల్ల మీద పెట్టినప్పుడు గొలుసు మెలి పడదు.

ఆక్స్‌ఫర్డ్_అమలాపురం

నిప్పు అంటే గుర్తొచ్చింది. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ బోడ్లియన్ లైబ్రరీలో రీడర్ కార్డు తీసుకునేటప్పుడు ప్రమాణం చెయ్యాలి. "లైబ్రరీలోకి నిప్పు తేను, మంట వెలిగించను, పొగ తాగను" అని. నేను గట్టిగా చదివి సంతకం పెట్టా. నవ్వులాటకి కాదండి, ఒళ్ళు పులకరించింది. ఎన్ని తరాల వాళ్ళు ఆ మాట ఇచ్చి లోపలికెళ్ళారో.

అక్కడ డ్యూక్ హంఫ్రీ గది 1488 నాటిది. 1550లో రాజు పంపిన మనుషులొచ్చి పుస్తకాలన్నీ తీసుకుపోయారు, కొన్నేళ్ళకి యూనివర్సిటీ వాళ్ళు అరలు కూడా అమ్మేశారు. తర్వాత థామస్ బోడ్లీ తన డబ్బు పోసి 1602లో మళ్ళీ తెరిపించాడు. అందుకే ఖాళీ అర చూస్తే నాకు కోపం రాదు మాస్టారూ, మళ్ళీ నిండొచ్చు. టూరు తీసుకుంటే ఆ గదిలోకి తీసుకెళ్తారు.

ఇంకో సంగతి, 1645లో మొదటి చార్లెస్ రాజు ఒక పుస్తకం పంపమని కబురు పెడితే లైబ్రేరియన్ పంపలేదు. బయటికి ఇవ్వడం నియమం కాదన్నాడు. రాజు కూడా ఊరుకున్నాడు.

రేపల్లె_ప్యాసింజర్

ఈ లైబ్రేరియన్ ఫొటో దొరికితే ఇంట్లో పెట్టుకుంటానంటోంది అమ్మ. రిఫరెన్సు పుస్తకం ఇంటికివ్వనన్నందుకు ఊళ్ళో పెద్దమనుషులతో పడ్డ మాటలు ఇప్పటికీ మర్చిపోలేదు.

అఫ్జల్‌గంజ్_అన్న

గిదీ కథ అంటే. అమ్మకు నా నమస్కారం చెప్పు తమ్మీ.

అయినా నా ప్రశ్న అట్లనే ఉన్నది. యూరప్‌ల పాతదాంట్ల కూసోని చదివేది ఉన్నదా లేదా?

ఆక్స్‌ఫర్డ్_అమలాపురం

ఉంది అన్నా. మాంచెస్టర్‌లో చెతమ్స్ లైబ్రరీ. 1653 నుంచి జనం కోసం నడుస్తోంది. ముందే చెప్పి వెళ్తే ఎవరికైనా పుస్తకం తీసిస్తారు. 1845లో మార్క్స్, ఎంగెల్స్ కూర్చుని చదివిన కిటికీ మూల బల్ల అక్కడే ఉంది. వాళ్ళు చదివిన పుస్తకాలు కూడా ఉన్నాయి.

అఫ్జల్‌గంజ్_అన్న

మార్క్స్ కూసున్న టేబులా! ఇగ పోవాల్సిందే.

మిడ్‌వెస్ట్_మల్లి

అన్నయ్య అడిగిన "మామూలు మనిషి" ప్రశ్నకి నా దగ్గరొక జవాబుంది. వాషింగ్టన్‌లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, జెఫర్సన్ బిల్డింగ్, 1897ది. పాలరాయి, గుమ్మటం, చూడ్డానికి టికెట్ డబ్బులు లేవు, టైము పాస్ తీసుకుంటే చాలు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. పదహారేళ్ళు నిండిన ఎవరైనా రీడర్ కార్డు ఉచితంగా చేయించుకోవచ్చు, వేరే దేశం వాళ్ళయినా సరే, పాస్‌పోర్ట్ చాలు. చేయించుకుని అక్కడ ఆసియా రీడింగ్ రూమ్‌లో తెలుగు పుస్తకాలు అడగండి!

అవి అక్కడికెలా వచ్చాయో మీలో ఎంతమందికి తెలుసు? 1950ల్లో అమెరికా పి.ఎల్. 480 అనే చట్టం కింద మనకి గోధుమలు పంపింది. డబ్బు డాలర్లలో కాకుండా రూపాయల్లో తీసుకుంది. ఆ రూపాయల్లో కొంత పెట్టి 1962 నుంచి మన భాషల పుస్తకాలు కొని అమెరికా లైబ్రరీలకి పంపారు. తెలుగు కూడా. నేను చదివిన యూనివర్సిటీ లైబ్రరీలో, మంచు కురుస్తున్న రోజు, నేలమాళిగలో లైటు స్విచ్ నొక్కితే అరల నిండా తెలుగు. విజయవాడలో, మద్రాసులో అచ్చయిన చవకరకం కాగితం పుస్తకాలు, వాటికి గట్టి గుడ్డ అట్టలు కట్టించి. మా నాన్న వెతికి వెతికి వదిలేసిన ఒక కథల సంపుటి అక్కడ దొరికింది. అప్పటికి దాన్ని ఎవరూ తీసుకెళ్ళినట్టు లేదు, వెనక చీటీ మీద ఒక్క తేదీ ముద్ర కూడా లేదు. మొదటి ముద్ర నాదే.

సుభద్ర_కె

మల్లి గారూ ఇది చదివి కళ్ళు చెమర్చాయి.

లెక్కలమాస్టారు

గోధుమల అప్పుతో తెలుగు పుస్తకాలు! ఇన్నేళ్ళు పాఠం చెప్పాను, ఈ లెక్క ఎవరూ చెప్పలేదు నాకు.

కావేరి_ఒడ్డున

ఇంత దూరం వెళ్ళినవాళ్ళు తంజావూరు కూడా వెళ్ళండి. ప్యాలెస్‌లో సరస్వతీ మహల్. నాయక రాజుల కాలంలో మొదలైన రాజుగారి పుస్తకాల ఇల్లు, ఆ ఆస్థానం భాష తెలుగే కదా, ఎన్నో యక్షగానాలు పుట్టింది అక్కడే. తర్వాత మరాఠా రాజు రెండో శరభోజి దాన్ని బాగా పెంచాడు, కాశీ వెళ్ళినప్పుడు కూడా రాతప్రతులు సేకరించాడు. 1918లో జనానికి తెరిచారు. చిన్న మ్యూజియంలో తాళపత్రాలు, మనిషి ముఖాన్ని జంతువు ముఖంతో పోల్చిన ఫ్రెంచి బొమ్మలు ఉంటాయి. హంగు ఏమీ ఉండదు. ఆడ్‌మాంట్ ఫొటో మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశే. అక్కడ చూడాల్సింది తెలుగు అక్షరం గీసిన ఆకు.

పాతకాగితం

ఈ మాటకి వంద ఓట్లు.

మబ్బులమీద

ప్రాగ్ ఎవరూ చెప్పలేదేం? క్లెమెంటినమ్ లైబ్రరీ హాలు, 1722.

వియన్నా_వాణి

ప్రాణం పెట్టి చూడాల్సిన హాలే. కానీ గైడుతోనే వెళ్ళాలి, అదే టూర్‌లో ఖగోళ గోపురం కూడా ఎక్కాలి, 172 మెట్లు. ఆ మోకాళ్ళతో వద్దు.

మ్యూనిక్‌కి దగ్గర్లో కావాలంటే ఊల్మ్ పక్కన వీబ్లింగెన్ మఠం ఉంది. 1744 నాటి హాలు. గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో 32 స్తంభాలు, పాలరాయి అనుకుంటాం, చెక్క! రంగు అలా వేశారు. 19వ శతాబ్దం మొదట్లో మఠం ప్రభుత్వం చేతికి పోవడంతో పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. అసలు కళ అంతా ఆ హాల్లోనే మిగిలింది.

రేపల్లె_ప్యాసింజర్

అమ్మ కాగితం మీద రాసుకున్నది: మొదట సెయింట్ గాలెన్, రెండు రోజులు, తొందరపెట్టొద్దంది. తర్వాత వియన్నా. అక్కడ్నుంచి వెనక్కొచ్చేటప్పుడు ఆడ్‌మాంట్, రాత్రి అక్కడే ఉండి పొద్దున్నే తలుపులు తీసే టైముకి. వీబ్లింగెన్ పుస్తకాలు లేని హాలని వద్దంది. నేను ఖాళీ అరల గురించి పాతకాగితం గారు రాసింది మళ్ళీ చదివి వినిపిస్తే "సరే, తమ్ముడికి శనివారం ఖాళీ అయితే చూద్దాం" అంది. కొయింబ్రా, మాంచెస్టర్ వచ్చే ఏడాదికి.

ఆడ్‌మాంట్‌లో మెట్ల సంగతి?

వియన్నా_వాణి

ముందే ఒక మెయిల్ పెట్టండి, నడక కష్టమని రాస్తే ఏ వైపు నుంచి రావాలో చెప్తారు. ఎండ ఉన్న రోజు పొద్దున పూట ఎంచుకోండి. శీతాకాలం దగ్గరపడితే వేళలు తగ్గిస్తారు, సెప్టెంబరంటే ఇబ్బంది లేదు.

పాతకాగితం

అమ్మగారు లైబ్రేరియన్‌గా చేశారని కూడా ఆ మెయిల్లో రాయండి. వృత్తిలో ఉన్నవాళ్ళంటే వాళ్ళు ప్రత్యేకంగా చూస్తారు. ఆ దొంగ తలుపు తీసి చూపించమని నేనొకసారి అలాగే అడిగా, తీశారు.

అఫ్జల్‌గంజ్_అన్న

వచ్చినంక అమ్మతోని ఒక పోస్టు రాయించు తమ్మీ, ఆమె మాటల్లనే. మన దగ్గరి బ్రాంచి లైబ్రరీల సంగతి కూడా రాయమను. వేటపాలెం సారస్వత నికేతనం నేను ఇంకా సూడలే, 1929ల గాంధీ పునాదిరాయి వేసిన బిల్డింగు. మీ రేపల్లెకి దగ్గరనే గద, ఏ టైముకి తీస్తరో జర కనుక్కోని చెప్పు.

రేపల్లె_ప్యాసింజర్

మాకు చీరాల వైపే అన్నా. ఆదివారం అమ్మతో వెళ్ళి, తీసే వేళలు, సెలవు రోజులు కనుక్కుని ఇక్కడే పెడతా.